బేతంచర్ల బండ

సముద్రం మొహం ఎన్నడూ చూడని నలుగురం కలిసి ఓడదొంగల సినిమా తీశాం. తీశామంటే, తీసింది మద్రాసు వాళ్లు, వేగింది మేము. యాభై ఐదో సంవత్సరం ఎండాకాలంలో, డోను స్టేషను వెనక వేరుశనగ బుడ్డల గోదాములో, రేకుల కప్పు కింద నలభై రోజులు వేగాం. ఇప్పటికీ ఎవరైనా సినిమా అన్నారంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ రేకుల వేడి. ఆ తర్వాత మా మామ మీద కోపం.

మాది తోలుబొమ్మలాట. మా ఆయన తండ్రి, మా మామ ఈరప్ప ఆ ఆటకు పెద్ద. తెర వెనక నిలబడి బొమ్మను ఆడించేవాడికి చేతులతో సగం పని, కాళ్లతో సగం పని. పాదాల కింద ఒక చెక్కపలక వేసుకుని దాన్ని తొక్కుతూ ఆడిస్తాడు. ఆ చప్పుడే గుర్రం నడక, ఆ చప్పుడే యుద్ధం, ఆ చప్పుడే రాక్షసుడు రావడం. పలక ఎవరి కాళ్ల కింద ఉంటే ఆ రాత్రి ఆట వాడిది. మామకు వయసు మీదపడ్డాక ఆ పలక మా ఆయన దాసన్న కాళ్ల కిందికి వచ్చింది. ఆయన తొక్కుతుంటే హార్మోని ముందు కూర్చున్న నాకు ఒళ్లు జలదరించేది. పెళ్లయిన కొత్తలో ఆ మనిషి మొహం కంటే ముందు ఆ తొక్కుడు మీదే మనసుపడ్డానని చెబితే నవ్వుతారు, కానీ నిజం.

సినిమా వాళ్లు రావడానికి రెండేళ్ల ముందు, ఆత్మకూరు నుంచి బొమ్మల పెట్టెలతో వస్తుంటే వాగు దిగే చోట బండి తిరగబడింది. చక్రం కింద మా ఆయన ఎడమకాలు నలిగింది. మోకాలి కింద నుంచి తీసేశారు. డోను వడ్రంగి తుమ్మకర్రతో కాలు చేసి, తోలు పట్టీలు వేసి ఇచ్చాడు. ఆ కాలితో నడక నేర్చుకుని తెర వెనక్కి వచ్చిన మొదటి రోజు, మామ ఆయన చేతిలో కంచు తాళాలు పెట్టాడు.

"ఆడ కూసోని తాళమెయ్యి నాయనా," అని నా పక్కన చోటు చూపించాడు. "ఒంటికాలితో దరువు నిలవదు."

అంతే. తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. పలక తన తమ్ముడి కొడుకు ఉరుకుందుకు ఇచ్చాడు. ఉరుకుందు మంచివాడే. కడుపులో కల్మషం లేదు, కాళ్లకు లెక్క లేదు. వాడి యుద్ధం వింటుంటే ఎవరో అటక మీద మూటలు దించుతున్నట్టు ఉండేది. పక్కన మా ఆయన తల వంచుకుని తాళం వేసేవాడు. రెండేళ్లలో ఆయన నవ్వింది నేను చూడలేదు.

సినిమా వాళ్లొచ్చిన యేడు ఉగాది మర్నాడు నాతో అన్నాడు. "హులిగీ, డోను స్టేషను కాడ టీ కొట్టు పెట్టుకుందాం. బొమ్మల్ని ఇడిసిపెడదాం."

ఈ మనిషి బొమ్మల్ని వదిలితే ఇంకేం మిగులుతాడు? ఆ పలక మళ్లీ ఈయన కాలి కిందికి రావాలి. ఆ ఎండాకాలం నాకు వేరే కోరిక లేదు.

*

డైరెక్టరు సుందరరామయ్యది బెజవాడ వైపు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు కదా, అక్కడేదో పెద్దల సభలో మా ఆట చూశాడట. జీపులో నేరుగా మా ఊరికి వచ్చాడు. పిల్లల కోసం సినిమా తీస్తాడట, మనుషులు ఉండరట, అన్నీ తోలుబొమ్మలేనట. పాటలు, నవ్వులు. మామ తలాడించాడు. రెండేళ్లుగా వానల్లేవు, ఆటకు పిలిచే ఊరు లేదు. తలాడించక ఏం చేస్తాడు?

గోదాములో బుడ్డల మూటల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, చేతులు ఊపుతూ కథ చెప్పాడు డైరెక్టరు. ఒక రేవులో పూటకూళ్లమ్మ. ఆమె ఇంట్లో దిగిన ముసలి ఓడవాడు చచ్చిపోతే, వాడి పెట్టెలో ఒక పటం. ఏదో దీవిలో బంగారం పాతిపెట్టిన చోటు. ఆమె ఓడ మాట్లాడుకుని బయల్దేరుతుంది. ఓడలో వంటవాడుగా చేరినవాడే దొంగల కెప్టెను. భుజం మీద చిలక.

"వాడు దొంగే," అన్నాడు డైరెక్టరు. "కానీ పిల్లలకు వాడంటేనే ముద్దు రావాలి. వాడికి ఒక్కటే కాలు. రెండోది కర్ర."

మేం ముగ్గురం మూటల కింద రాలిన బుడ్డల్ని చూస్తూ కూర్చున్నాం. మా ఆయనే అడిగాడు.

"ఏ కాలు సార్?"

"ఏదైతేనేం నాయనా..." అంటూ ఇటు తిరిగి, పంచె కింద ఆ తుమ్మకర్ర చూసి, డైరెక్టరు నోరు మూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇదే అదను అనుకున్నాను. ఒంటికాలి దొంగ నడక ఈ భూమ్మీద ఇంకెవరికి తెలుసు?

అంత సులువుగా అయితే నేనీ కథ చెప్పక్కర్లేదు.

మొదట ఓడ దగ్గరే ఆగిపోయాం. మామ ఎనిమిది రోజులు కూర్చుని మేకతోలు గీకి, ఆరబెట్టి, ఓడ కోసి తెచ్చాడు. అంచు పొడుగునా పువ్వులు, లోపల నలుగురు దొంగలు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. డైరెక్టరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఈరప్పగారూ, ఇదేమిటండీ?"

"ఓడ."

"ఇది గుండ్రంగా ఉందే. బుట్టలాగా."

"పుట్టి సారూ. తుంగభద్ర దాటాలంటే దొరలెక్కినా దొంగలెక్కినా దీంట్లోనే."

"సముద్రంలో ఇదెలా వెళ్తుంది?"

"తిరుగుతా తిరుగుతా పోతాది," అన్నాడు మామ, ఇంతకంటే ఏం కావాలన్నట్టు.

డైరెక్టరు కాగితం మీద ఓడ బొమ్మ గీసి చూపించాడు. మామ దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇన్ని పంచెలు ఆరేసినారు. ఓడలో పెండ్లేమన్నా జరుగుతాందా?"

"తెరచాపలండీ. వాటికి గాలి తగిలితేనే ఓడ కదిలేది."

"గాలి ల్యాకపోతే?"

"ఆగిపోతుంది."

"అట్లాంటి దాన్ని నమ్ముకోని సముద్రంలేకి పోతారా?" అన్నాడు మామ జాలిగా. డైరెక్టరు నవ్వి, వెంటనే తల పట్టుకుని కూర్చున్నాడు. ఓడ కోయడానికి ఇంకో వారం పట్టింది. పుట్టి కూడా సినిమాలో ఉండిపోయింది. దొంగలు దీవికి దిగేది దాంట్లోనే, గిరగిరా తిరుగుతూ.

తర్వాత లైట్లు. మా ఆముదం దీపాలకు అలవాటుపడిన తోలు, వాళ్ల పెద్ద పెద్ద దీపాల వేడికి అప్పడంలా ముడుచుకుపోయేది. పూటకూళ్లమ్మ చెయ్యెత్తి మాట్లాడబోతే, ఆ చెయ్యి చుట్టుకుని చంకలోకి పోయేది. ప్రతిసారీ దీపాలు ఆర్పడం, బొమ్మకు తడి అద్దడం, దాన్ని అదిమిపెట్టడం. అదిమిపెట్టడానికని, స్టేషను యార్డులో బండ్లకెత్తే బేతంచర్ల నాపరాళ్లలో ఒక బండను అడిగి తెచ్చుకున్నాం. నాలుగడుగుల పొడుగు, నున్నటి బూడిదరంగు బండ. దాని కిందే రోజంతా బొమ్మలు, దాని పక్కనే మా ఆయన. తాళానికి పని లేనప్పుడల్లా బొమ్మలకు తడి అద్దే పని ఆయనకు అప్పజెప్పాడు మామ.

*

కెప్టెను బొమ్మ మాత్రం రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ మామ దాటేస్తూ వచ్చాడు. చివరికి ఒక మధ్యాహ్నం డైరెక్టరు ఎదురుగా నిలబడి నిలదీశాడు.

"రెండు కాళ్లతో కోసిస్తా," అన్నాడు మామ.

"రెండు కాళ్లుంటే వాడు కెప్టెనే కాదండీ. సినిమా అంతా ఆ కాలి మీదే ఉంది."

"కాలు ల్యాని బొమ్మ మా పెట్టెలో ఉండగూడదు సారూ. ఇరిగిన బొమ్మను మేం ఆడించం. పసుపు కుంకమ పెట్టి, కొత్త గుడ్డలో చుట్టి, నీళ్లకిడుస్తాం. దాని పని అయిపోయినట్టే. మా తాత కాలం నుంచి అంతే."

మూడడుగుల దూరంలో బండ ముందు కూర్చుని మా ఆయన తోలుకు తడి అద్దుతున్నాడు. చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. హార్మోని తిత్తి ఠపీమని మూశాను.

"మామా, ఆ మాట ఈడనే అనాల్నా?"

"ఏం మాట? బొమ్మల సంగతి చెప్తాండా."

నిజంగానే బొమ్మల సంగతే అనుకున్నాడు ఆయన. అదే నా కడుపుమంట. కావాలని అని ఉంటే పోట్లాడి ఉండేదాన్ని. ఆయనకు తెలియనే తెలియదు. అలాంటి మనిషితో ఏమని పోట్లాడతాం?

పది రోజులు ఊరికే గడిచాయి. డైరెక్టరు వెంట వచ్చిన మేనేజరుకు ఓపిక పోయింది. ఒక మధ్యాహ్నం మామ మూటల పక్కన కునుకు తీస్తుంటే, ఆ మహానుభావుడు కత్తెర తీసుకుని, పెట్టెలోంచి ఒక పాత రాక్షసుడి బొమ్మను లాగి, మోకాలి దాకా కాలు కత్తిరించేశాడు. "ఇదిగో కెప్టెను, ఐదు నిమిషాల పని," అంటూ ఎత్తి చూపించాడు కూడా.

మామ లేచాడు. తిట్టలేదు, అరవలేదు. అది ఆయన తండ్రి చేత్తో కోసిన బొమ్మ. తెగిన కాలుని కింద నుంచి ఏరుకున్నాడు. నా దగ్గర కొత్త రవికె గుడ్డ అడిగి తీసుకుని, బొమ్మనూ కాలునూ కలిపి చుట్టాడు.

"కర్నూలు పోతాండా. తుంగభద్రలో ఇడిసి వస్తా. నేనొచ్చేదాకా ఎవురూ తెర ముట్టొద్దు."

సాయంత్రం రైలుబండికి వెళ్లిపోయాడు. మేనేజరును డైరెక్టరు ఆ రాత్రే మద్రాసు రైలెక్కించాడు. మర్నాడు పొద్దున నా దగ్గరకొచ్చి బుడ్డల మూట మీద కూలబడ్డాడు.

"వారంలో లైట్లు తిరిగి పంపాలమ్మా. కెప్టెను లేకపోతే తీసినదంతా చెత్తబుట్టలోకే."

ఆ మనిషిని చూసి జాలిపడాల్సింది. నాకు జాలి రాలేదు, ఆలోచన వచ్చింది. మా ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఇగో, ఒక మాట చెప్పు. కాలున్న బొమ్మకు కాలు తీసేస్తే అది ఇరిగిన బొమ్మ. ఒప్పుకుంటా. కొత్త తోలు మీద మొదట్నుంచే ఒంటికాలు గీసి కోస్తే?"

ఆయన బండ మీద నీటి మరకల్ని అరచేత్తో తుడిచాడు.

"అది ఇరిగింది గాదు," అన్నాడు. "పుట్టిందే అట్ల."

లేచి, ఉలి తెచ్చుకున్నాడు.

మూడు రోజులు కోశాడు. నేను రంధ్రాలు పొడిచాను, రంగులు అద్దాను. అలాంటి బొమ్మను మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ కోయలేదు. కర్రకాలికి పట్టీలు, పట్టీలకు కట్లు, అన్నీ తన కాలివే. ఒంటికాలివాడు నిలబడితే నడుము ఎటు ఒరుగుతుందో, ఏ భుజం పైకి లేస్తుందో, బరువు మోసే కాలి మడమ ఎలా నేలను పట్టుకుంటుందో అంతా ఆ తోలులోకి వచ్చింది. మొహం మాత్రం నవ్వు మొహం. చిలక నాది. కోడిపెట్టలా వచ్చిందని ఉరుకుందు వెక్కిరించాడు. రెండో రోజు మధ్యాహ్నం మా ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నేను విననట్టు నటించాను. విన్నానని తెలిస్తే ఆపేస్తాడు.

*

నాలుగో రోజు పొద్దున మామ వచ్చాడు. ఎండకు మొహం నల్లబడింది. తుంగభద్రలో నీళ్లు లేవట. బొమ్మ మునిగేంత లోతు కోసం ఇసుకలో మూడు రోజులు తిరిగాడట. కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే బండ మీద కెప్టెను కనిపించాడు.

ఎత్తి, తలుపు దగ్గర వెలుతురుకు పట్టి చూశాడు. కర్రకాలి అంచు పొడుగునా వేలితో తడిమాడు. ఎక్కడైనా తెగిన జాడ దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడని నాకు అర్థమైంది.

"దీనికి ఇంగో కాలు ఎప్పుడన్నా ఉండెనా?"

"లేదు నాయనా," అన్నాడు మా ఆయన.

"కోత బాగుండాది." బొమ్మను జాగ్రత్తగా మళ్లీ బండ మీద పెట్టాడు. "నేను ఆడించను. ఉరుకుందు ఆడిస్తాడు."

"నా చేత కాదు పెదనాయనా," అన్నాడు ఉరుకుందు. వాడు నాకు మొదటిసారి ముద్దొచ్చాడు. "వాడు కుంటుతా నడవాల. నాకు సక్కంగా నడిపించేదే రాదు."

"దాసన్న ఆడిస్తాడు," అన్నాను నేను.

మామ నా వైపు తిరిగాడు. "బొమ్మ ఆడించమను. నేనొద్దంటినా? పలక మాత్రం ఒంటికాలికి ఇయ్యను. రెండేండ్ల కిందట్నే చెప్పినా." అంతటితో ఊరుకుంటే సరే. తెర కిందున్న పలకను తీసి చంకలో పెట్టుకుని స్టేషనుకు వెళ్లిపోయాడు. ప్లాట్‌ఫారం మీద పలక వేసుకుని దాని మీద కూర్చున్నాడట. ఇంత మొండి మనిషిని మీరెక్కడైనా చూశారా?

"చెక్కే కదా, ఇంకోటి తెప్పిస్తాను," అన్నాడు డైరెక్టరు.

"ఒద్దు సార్. పలక మా నాయనది. ఆయనిస్తేనే తొక్కాల." మా ఆయన చుట్టూ చూసి, బండను చూపించాడు. "ఉరుకుందూ, దాన్ని తెర కిందికి జరుపు."

తలుపులు మూశారు. జనరేటరు దూరంగా రోడ్డు మీద గుడగుడలాడుతోంది. మా ఆయన మంచి కాలు మట్టి నేల మీద, కర్రకాలు బండ మీద ఉండేలా నిలబడ్డాడు. కెప్టెను తెర మీదికి వచ్చాడు. మెత్తగా ఒకటి, గట్టిగా ఒకటి. తుమ్మకర్ర ఆ నాపరాయి మీద పడితే వచ్చిన చప్పుడు చెక్కపలక జన్మలో ఇవ్వలేదు. టక్కుమని మోగి, రేకుల దాకా వెళ్లి, మళ్లీ కిందికి దిగింది. ఆ మెత్తటి అడుగుకూ గట్టి అడుగుకూ మధ్య ఆయన ఒక నిలుపు పెట్టాడు. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని మనం ఊపిరి బిగబట్టాక పడేది. డైరెక్టరు రాయించి తెచ్చిన పాట వదిలేసి, తన సొంతంగా ఎత్తుకున్నాడు:

ఒంటికాలి దొరను రా, ఓడకు నే పెద్ద రా
రెండు కాళ్లు ఉన్నవాడ, రెండడుగులు తగ్గరా

కెమెరా ఆయన పకపకా నవ్వేసి ఆ షాటును చెడగొట్టాడు. రెండోసారి డైరెక్టరే నవ్వాడు. మూడోసారి కుదిరింది. సౌండు చూసే ఆయన చెవుల మీది డబ్బాలు తీసి, "పాట వద్దు, మాట వద్దు, ఉత్త తొక్కుడు ఒక్కటీ మళ్లీ పట్టుకుంటాను," అన్నాడు. మా ఆయన పాట లేకుండా, బొమ్మ లేకుండా, కళ్లు మూసుకుని తొక్కాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. శబ్దం చేస్తే మళ్లీ తీయాల్సొస్తుందని.

స్టేషనుకు పరుగెత్తాను. మామ పలక మీద కూర్చుని ఆకువక్క నములుతున్నాడు.

"అయిపాయనా?"

"అయిపోయింది మామా. నువ్వొచ్చి ఇనాల్సింది."

"నాకు రైలు కూత తప్ప ఏమీ ఇనపల్లేదు," అని లేచి, పలక దులుపుకుని, నాకంటే ముందు నడిచాడు.

*

సామాన్లు సర్దుకునేటప్పుడు డైరెక్టరు మా నలుగురి పేర్లూ పుస్తకంలో రాసుకున్నాడు. హులిగెమ్మ అని ఎలా రాయాలో రెండుసార్లు అడిగాడు. తెర మీద వేస్తానన్నాడు. కెప్టెను బొమ్మ ఇంకా పని ఉందని తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు.

ఆ యేడు వానలు పడ్డాయి. రెండు మూడు ఊళ్లు ఆటకు పిలిచాయి. ఏం మారింది? ఏమీ మారలేదు. పలక ఉరుకుందు కిందే, తాళాలు మా ఆయన చేతిలోనే. "సినిమా రానీ, ఒకసారి చూసుకోని టీ కొట్టు పెడతా," అన్నాడు నాతో. నేను ఆయనను ఓదార్చలేదు. ఏమని ఓదార్చను?

దసరా సెలవులయ్యాక డైరెక్టరు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కర్నూల్లో ఒక సినిమా హాల్లో ఆదివారం పొద్దున బడిపిల్లలకు ఆట వేస్తున్నారని. మామ రానన్నాడు. నేను గడప దగ్గర అడ్డంగా నిలబడ్డాను. చివరికి, రంగులు కొనే పని ఉంది కాబట్టి వస్తున్నానని చెప్పి రైలెక్కాడు.

హాలు నిండా పిల్లలు. మేం వెనక బెంచీలో కూర్చున్నాం. పేర్లు మొదలయ్యాయి. ఉరుకుందు బడికి పోయినవాడు, ఒక్కొక్కటే చదివి వినిపించాడు. మద్రాసు పేర్లు, బెజవాడ పేర్లు, జుట్టుకు రంగేసిన వాళ్ల పేర్లు కూడా. బొమ్మల సినిమాలో జుట్టుకు రంగెందుకో నాకైతే అర్థం కాలేదు. చివర్లో "బొమ్మలు: రాయలసీమ కళాకారులు" అని ఒక్క ముక్క వచ్చి పోయింది. అవి మేమట.

పూటకూళ్లమ్మ నోరు తెరిచింది. నా గొంతు కాదు. ఎవరో చక్కెరపాకంలాంటి గొంతుతో "ఏమండోయ్" అంటోంది. కెప్టెను వచ్చాడు. మా ఆయన కోసిన నడుము, మా ఆయన కోసిన నవ్వు. నోట్లోంచి మాత్రం ఎవడో నాటకాల ఆయన గొంతు. పాట మార్చేశారు. హార్మోని చోట వయొలిన్లు. నలభై రోజులు రేకుల కింద వేగింది ఇందుకా? ఆ చీకట్లో నాకు దుఃఖం కాదు వచ్చింది, ఒళ్లంతా మంట.

మా ఆయన బెంచీ అంచు పట్టుకుని సగం లేచాడు. "పా, పోదాం," అన్నాడు.

అప్పుడు కెప్టెను నడిచాడు.

మెత్తగా ఒకటి. నిలుపు. టక్.

ఎలా చేశారో నాకు తెలియదు. గొంతులు తీసేశారు, పాట తీసేశారు, పేర్లు తీసేశారు. ఆ తొక్కుడు మాత్రం ఉంచారు. దాన్ని మద్రాసులో ఇంకెవరి చేతా చేయించలేకపోయి ఉంటారు. ముందు వరుసలో ఒక పిల్ల కాలితో నేల తన్నింది. పక్కది తన్నింది. దీవి వచ్చేసరికి హాలు హాలంతా కెప్టెనుతో పాటు తొక్కుతోంది. నిలుపు దగ్గర అంతమందీ ఒకేసారి ఆగడం, ఒకేసారి తన్నడం. మా ఆయన మళ్లీ కూర్చున్నాడు.

మామ చెయ్యి తన తొడ మీదే దరువు వేస్తోంది. కాసేపటికి నా వైపు ఒరిగాడు.

"ఈ తొక్కుడు ఎవురిది?"

"ఎవురిదనుకుంటాండావు?"

"మద్రాసోల్లది గాదు. ఈ నిలుపు వాల్లకు రాదు."

"ఉరుకుందుది," అన్నాను కావాలనే.

"వానిది నాకు తెల్దా," అన్నాడు విసుగ్గా. "రెండు కాళ్లూ నేల మీదుండేవాడు ఇట్ల నిలపలేడు."

"నీ కొడుకుది మామా. బేతంచర్ల బండ మీద."

ఆయన ఆట అయ్యేదాకా తెర వైపే చూశాడు. తిరుగు రైల్లో ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని డోను దాకా ఆయన నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. వెల్దుర్తి దగ్గర నోరు తెరిచాడు. ఆకువక్క అడిగాడు. "టీ కొట్టుకు జాగా చూసినా," అని మా ఆయన నాతో, మామ వినేలాగే అన్నాడు. మామ వక్క కొరుక్కుంటూ కిటికీలోంచి చేలు చూశాడు. ఆ క్షణాన ఆ ముసలాయన్ని రైల్లోంచి తోసేద్దామనిపించిందంటే మీరు నన్ను తప్పుపట్టకూడదు.

పది రోజుల తర్వాత కల్లూరులో ఆట ఒప్పుకున్నాం. బయల్దేరే ముందు రోజు తెల్లవారేసరికి మామా లేడు, బండీ లేదు. మరునాడు పొద్దెక్కాక వచ్చాడు. బండి ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. చూస్తే లోపల వరిగడ్డి మీద ఒక బండ. బూడిదరంగు, నాలుగడుగుల పొడుగు, అంచులు నున్నగా కొట్టించి ఉన్నాయి.

"యాడికి పోయింటివి మామా?"

"బేతంచర్లకు."

"దేనికి?"

"బొమ్మలు వంకర పోతాండాయి. అదిమిపెట్టాల."

మా ఆముదం దీపాల ముందు మా బొమ్మలు ఏనాడూ వంకర పోలేదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కల్లూరులో పొద్దు వాలుతుండగా తెర కట్టాం. మామ ఉరుకుందును పిలిచి, బండను తెర కింద నడిమధ్యకు జరిపించాడు. పలకను ఒక పక్కకు వేయించి, అక్కడ నిలబడమని వాడికి చెప్పాడు. మా ఆయన నా పక్కన కూర్చుని తాళాల తాడు వేళ్లకు చుట్టుకుంటూ అదంతా చూస్తున్నాడు. మామ వచ్చి ఆయన ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు.

"అవి ఇట్ల ఇయ్యి."

మా ఆయన తాళాలు ఇచ్చాడు. మామ మోకాళ్లు పట్టుకుంటూ నా పక్కన ఆ చోట్లో కూర్చుని, తాడు తన వేళ్లకు చుట్టుకున్నాడు.

"ఇంగ లెయ్యి. జనం కూసున్నారు."

ఆ రాత్రి మామ తాళం రెండు చోట్ల తప్పాడు. రెండూ ఆ నిలుపు దగ్గరే. నేను పట్టించుకోనట్టు పాడుతూ పోయాను.